బాడుగ ఇల్లు బాగుచేయాల్సింది ఎవరు? మదరాసు చట్టం నుంచి కామాఠీపురా దాకా

మన కుటుంబ చరిత్ర అనగానే మనం ఎప్పుడూ భూమి గురించే చెప్పుకుంటాం. విజయనగరం కాలం, మధురై నాయకుల కాలం, కరిసల్ రేగడి నేల, పత్తి, కంబు, బావి తవ్వకాలు. కోవిల్పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం' నవల రాసినాక మన వలస కథ తమిళం చదివేవాళ్ళందరికీ తెలిసింది. మంచిదే. కానీ ఈ 70, 80 ఏళ్ళలో మన కుటుంబాలను నిలబెట్టింది భూమి ఒక్కటే కాదు. బాడుగ కూడా. మనవాళ్ళలో కొందరు బాడుగకు ఇచ్చి బతికారు, కొందరు బాడుగ ఇళ్ళలో ఉండి బతికారు, చాలామంది ఊళ్ళో ఇచ్చి బయటి ఊళ్ళో కట్టారు. మా ఇల్లు ఆ మూడో రకం. అందుకే ఈసారి పొలాలను కాస్త పక్కన పెట్టి బాడుగ ఇళ్ళ చరిత్ర రాస్తున్నాం. ముఖ్యంగా ఒక్క ప్రశ్న: పాతబడిన బాడుగ ఇళ్ళను బాగుచేయించాలని సర్కారు చట్టం తెచ్చినప్పుడల్లా ఇంటి యజమానులు ఎందుకు వెనక్కి తగ్గారు?

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే, తిరుత్తంగల్‌లో మన ఉమ్మడి లైన్ ఇళ్ళ మీద నిర్ణయం తీసుకోవాల్సి ఉంది. రిపేరు చేద్దామని ఒకరు, పడగొట్టి కడదామని ఒకరు, ఏమీ ముట్టుకోవద్దని ఒకరు. పండక్కి అందరూ కలిస్తే మాట పెరుగుతోంది. నిర్ణయం పెద్దవాళ్ళది. దాని వెనక ఉన్న చరిత్ర మాత్రం అందరికీ తెలిసి ఉంటే మంచిదని మా ఆలోచన.

లైన్ ఇళ్ళు ఎట్లా వచ్చాయి

తిరుత్తంగల్ అంటే బయటివాళ్ళకు నిన్ఱ నారాయణ పెరుమాళ్ కోవెల, 108 దివ్యదేశాల్లో ఒకటి. మనకు మాత్రం అది శివకాశి పక్క ఊరు. 2021లో శివకాశి కార్పొరేషన్ అయినప్పుడు మన ఊరు దాంట్లో కలిసింది. కానీ బతుకుతెరువు లెక్కలో ఈ రెండు ఊళ్ళు ఎప్పుడో కలిశాయి. 1923లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ గార్లు కలకత్తాలో పని నేర్చుకుని వచ్చి శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలుపెట్టారు. తర్వాత టపాసులు, తర్వాత అచ్చు యంత్రాలు. వానలేని పల్లెల నుంచి కూలీలు వచ్చారు. వాళ్ళకు ఉండడానికి గది కావాలి.

అట్లా పుట్టినవే లైన్ ఇళ్ళు. ఒక పొడవాటి స్థలం, రెండు పక్కలా గదులు, నడుమ వాకిలి, ఒక బావి లేదా కుళాయి, చివర్న మరుగుదొడ్డి. ఒక్కో ఇంటికి ముందు గది, వెనక వంటిల్లు, పైన నాటు పెంకు. పంట మీద నమ్మకం తగ్గిన రైతు కుటుంబాలకు ఇది వాన మీద ఆధారపడని పంట. మా తాత కూడా అట్లాగే ఎనిమిది ఇళ్ళ లైన్ కట్టించారు. పత్తి పండని ఏడాది కూడా బాడుగ వచ్చేది, దాంతోనే పిల్లల ఫీజులు, పెళ్ళిళ్ళు నడిచాయి.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మన పక్క బాడుగలో రెండు రకాలు. ఒకటి నెల నెలా బాడుగ. రెండోది ఒత్తి. ఒత్తి అంటే ఇంట్లో చేరేవాళ్ళు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారు, నెల బాడుగ ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగి తీసుకుంటారు. వడ్డీయే బాడుగ అన్నమాట. మేము చదివింది కన్నడ మీడియం, నాయన ఉద్యోగం అక్కడ కాబట్టి. కన్నడలో దీన్నే భోగ్య అంటారు, బెంగళూరులో ఇప్పుడు లీజు అంటున్నారు. పేర్లు వేరు, లెక్క ఒకటే. ఈ ఒత్తి సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ పని పడుతుంది.

మదరాసు చట్టం చెప్పినది

బాడుగల మీద సర్కారు చెయ్యి పడింది యుద్ధం వల్ల. బొంబాయిలో మొదటి ప్రపంచ యుద్ధం చివర్లోనే, 1918లో, బాడుగ చట్టం వచ్చింది. మదరాసు రాష్ట్రంలో రెండో యుద్ధం నాడు, 1941లో, బాడుగ నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. యుద్ధం ముగిసింది కానీ ఉత్తర్వు ముగియలేదు. 1946లో చట్టమైంది, 1949లో మళ్ళీ కొత్త చట్టమైంది, చివరికి 1960లో మదరాసు భవనాల బాడుగ నియంత్రణ చట్టంగా స్థిరపడింది. ఆంధ్ర విడిపోయేదాకా అక్కడా ఇక్కడా ఒకే చట్టం. 1960లోనే ఆంధ్రప్రదేశ్ కూడా తన సొంత బాడుగ చట్టం చేసుకుంది. అంటే గుంటూరులో ఇల్లు ఉన్న మన చుట్టానికీ, మధురైలో ఇల్లు ఉన్న మన చుట్టానికీ ఒకే తల్లి చట్టం.

1960 చట్టం మూడు పనులు చేసింది. ఒకటి, న్యాయమైన బాడుగ ఎంతో అధికారి లెక్కకట్టి చెప్పడం. 1973 సవరణ తర్వాత ఆ లెక్క ఇది: స్థలం విలువ, తరుగు తీసేసిన కట్టడం విలువ, సౌకర్యాల విలువ కలిపి, దాని మీద ఏడాదికి నివాసమైతే 9 శాతం, వ్యాపారమైతే 12 శాతం. రెండు, చట్టం చెప్పిన కారణం లేకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. మూడోది మన ప్రశ్నకు సంబంధించినది: రిపేరు.

రిపేరు గురించి చట్టం మాటలు జాగ్రత్తగా చదవాలి. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రాసిపెట్టిన నియమానికీ నిజంగా జరిగేదానికీ మధ్య ఉండే తేడా వెతకడమే మా పని. ఆ అలవాటుతోనే ఈ చట్టాన్ని చదివాం.

నియమం: యజమాని రిపేరు చేయకపోతే బాడుగదారు నోటీసు ఇచ్చి, అధికారి దగ్గర ఉత్తర్వు తెచ్చుకుని, తానే రిపేరు చేయించుకుని, ఖర్చు బాడుగలోంచి తగ్గించుకోవచ్చు. కానీ ఆ తగ్గింపు ఒక ఏడాదిలో ఆ ఏటి బాడుగలో పన్నెండో వంతు దాటకూడదు. అంటే ఏడాదికి ఒక్క నెల బాడుగ. నెలకు 60 రూపాయల ఇల్లయితే ఏడాదికి 60 రూపాయల రిపేరు. దాంతో నాలుగు పెంకులు మార్చవచ్చు, కుళ్ళిన దూలం మార్చలేం.

ఇంకో నియమం: న్యాయమైన బాడుగ ఒకసారి ఖరారయ్యాక యజమాని ఇంటిని మెరుగుపరిస్తే బాడుగ పెంచుకోవచ్చు. కానీ ఇంట్లో బాడుగదారు ఉంటే, ఆ పని అతను అడిగి చేయించుకున్నదై ఉండాలి. యజమాని తనంతట తాను సిమెంటు నేల వేయించినా, కరెంటు వైరింగ్ మార్పించినా, ఆ పేరుతో పైసా అడగలేడు.

ఇంకోటి. పెద్ద రిపేరుకు ఇల్లు ఖాళీ చేయించవచ్చు, కానీ పని అయ్యాక అదే బాడుగదారుకు తిరిగి ఇవ్వాలి. అదే యజమాని పడగొట్టి కొత్తది కడతానంటే, నెలలోపు కూల్చడం మొదలుపెట్టి మూడు నెలల్లో పూర్తిచేస్తానని హామీ రాసిస్తే చాలు. ఆ బాడుగదారు కొత్త కట్టడంలోకి వచ్చే హక్కు లేదు. పైగా కొత్త కట్టడానికి ఐదేళ్ళు ఈ చట్టమే వర్తించదు.

ఇప్పుడు యజమాని కుర్చీలో కూర్చుని చూడండి. రిపేరు చేస్తే డబ్బు తనది, లాభం బాడుగదారుది, బాడుగ మారదు. రిపేరు చేయకపోతే నష్టం ఏడాదికి ఎక్కువలో ఎక్కువ ఒక నెల బాడుగ. ఇల్లు శిథిలమైతే కూల్చే అనుమతి వస్తుంది, ఇల్లు చేతికొస్తుంది, కొత్త కట్టడానికి తన ఇష్టం వచ్చిన బాడుగ. చట్టం నోటితో 'బాగుచేయి' అంది, లెక్కతో 'పాడుపెట్టు' అంది. యజమానులు లెక్క విన్నారు.

యజమానులందరూ కావాలని ఇళ్ళు కూలగొట్టుకున్నారని మేము అనడం లేదు. మా తాత లాంటివాళ్ళు ఆ లెక్క కాగితం మీద వేసుకోలేదు. 'ఈ ఏడు కాదు, వచ్చే ఏడు చూద్దాం' అని ముప్పై ఏళ్ళు వాయిదా వేశారు. పెద్ద పన్నాగమేమీ లేకుండానే, ఎక్కువ ఇళ్ళు ఇట్లా వాయిదాలతోనే పాడయ్యాయి.

బాడుగదారు వైపు నుంచి కూడా చూడాలి. మేము కర్ణాటకలో బాడుగ ఇంట్లోనే పెరిగాం. గోడ చెమ్మ గురించి యజమానికి చెప్పాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ జరిగేది. ఎందుకంటే చెప్తే రిపేరు అంటారు, రిపేరు అంటే ఖాళీ చేయమంటారు, ఖాళీ చేస్తే మళ్ళీ రానిస్తారో లేదో. అందుకని అమ్మ ఆ గోడకు క్యాలెండరు తగిలించేది. రిపేరు వద్దనుకునేది యజమాని ఒక్కడే కాదు, బాడుగదారు కూడా. ఇద్దరి భయం ఒకటే: ఒకసారి చెయ్యి దాటితే మళ్ళీ చేతికి రాదని.

బొంబాయిలో సర్కారే తాపీ పట్టుకుంది

మదరాసులో సర్కారు నియమం రాసి ఊరుకుంది. బొంబాయిలో మాత్రం స్వయంగా రంగంలోకి దిగింది. ఆ కథలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

బొంబాయి కామాఠీపురా పేరు వినగానే సినిమాల్లో చూపించే సంగతే అందరికీ గుర్తొస్తుంది. నిజానికి ఆ పేరు తెలుగు కూలీల వల్ల వచ్చింది. నిజాం రాజ్యం నుంచి వలస వచ్చి, బొంబాయి దీవులను పూడ్చే పనుల్లో, కట్టడాల పనుల్లో చెమటోడ్చినవాళ్ళను అక్కడివాళ్ళు కామాఠీలు అనేవారు. వాళ్ళు ఉన్న పేట కామాఠీపురా. తర్వాత మిల్లుల్లో పనికి తెలంగాణ పద్మశాలీలు వచ్చి పరేల్, వర్లీ వైపు స్థిరపడ్డారు. ఊరంతా కట్టినవాళ్ళు ఉన్నది మాత్రం ఇరుకు చాల్‌లలో, బాడుగకు.

1947 బొంబాయి బాడుగ చట్టం అక్కడి బాడుగలను 1940 సెప్టెంబర్ 1 నాటి స్థాయిలో గడ్డకట్టించింది. మదరాసులో కనీసం ఒక లెక్క ఉంది, అక్కడ ఆ తారీఖే లెక్క. నలభై ఏళ్ళ తర్వాత కూడా పది, ఇరవై రూపాయల బాడుగ కట్టిన కుటుంబాలు ఉన్నాయి. ఆ బాడుగతో నాలుగంతస్తుల కట్టెమెట్ల కట్టడాన్ని ఎవరు నిలబెడతారు? వానాకాలం వస్తే కట్టడాలు కూలడం, మనుషులు చనిపోవడం మొదలైంది.

అప్పుడు సర్కారు 1969లో బొంబాయి భవనాల మరమ్మతు, పునర్నిర్మాణ బోర్డు చట్టం చేసింది. యజమానులు చేయకపోతే మేమే చేస్తాం అన్నది దాని సారాంశం. ఖర్చుకు ఆ కట్టడాల మీద సెస్ వేసింది. ఆ లెక్కలోకి వచ్చినవి 19,642 కట్టడాలు. వాటిలో 16,502 కట్టడాలు 1940 సెప్టెంబర్‌కు ముందు కట్టినవి. తర్వాత 1977లో మ్హాడా ఏర్పడి ఈ బోర్డు దాని కిందికి వచ్చింది.

యజమానుల స్పందన ఎట్లా ఉంది? మొదట కొంత నిశ్చింత. రిపేరు బాధ్యత సర్కారు నెత్తికి పోయింది కదా. కానీ ఆ నిశ్చింతే ఇంకో జబ్బు అయింది. సర్కారు చేస్తుందని యజమాని చేయలేదు, యజమాని ఇల్లని బాడుగదారు చేయలేదు, నిధులు చాలవని బోర్డు కర్రలు ఆనించి ఊరుకుంది. పాత బొంబాయిలో వెదురు బొంగులు, ఇనుప దూలాలు ఆనించి నిలబెట్టిన కట్టడాలు చూసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు.

1986లో చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ఒక కట్టడంలో 70 శాతం మంది కలిసి సహకార సంఘంగా అడిగితే, సర్కారు ఆ కట్టడాన్ని సేకరించి, బాగుచేసి, వాళ్ళకే అప్పగించవచ్చు. యజమానికి పరిహారం నెల బాడుగకు వంద రెట్లు. ఉదాహరణకు ఒక కట్టడం మీద మొత్తం బాడుగ నెలకు 500 రూపాయలు అనుకోండి. పరిహారం 50,000. దక్షిణ బొంబాయిలో భూమితో సహా. మొదట సర్కారే బాడుగను 1940 దగ్గర కట్టేసి, తర్వాత ఆ కట్టేసిన బాడుగతోనే ఆస్తి విలువ కట్టింది. యజమానుల కోపంలో న్యాయం ఉందని ఇక్కడ ఒప్పుకోవాలి.

వాళ్ళ సంఘం కోర్టుకు వెళ్ళింది. 1991లో బొంబాయి హైకోర్టు చట్టం సరైనదే అంది. 1992లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ముగ్గురు న్యాయమూర్తుల నుంచి ఐదుగురికి, అక్కడి నుంచి ఇంకా పెద్ద ధర్మాసనానికి ఎదిగి, చివరికి తొమ్మిదిమంది ముందు 2024లో విచారణ జరిగింది. 2024 నవంబర్ 5న వచ్చిన తీర్పు: ప్రైవేటు వ్యక్తుల ఆస్తి అంతా రాజ్యాంగంలోని 39(బి) అధికరణ చెప్పే సమాజ వనరు కిందికి రాదు. ముప్పై రెండేళ్ళు. ఒక పాత చాల్ రిపేరు గొడవ దేశంలో ఆస్తి హక్కు అంటే ఏమిటనే ప్రశ్న దాకా వెళ్ళింది.

ఈలోగా సుప్రీంకోర్టే 1997లో మల్పే విశ్వనాథ ఆచార్య కేసులో, బాడుగలను పాత తారీఖు దగ్గర కట్టేసి ఉంచడం ఇక సమంజసం కాదని చెప్పింది. ఆ తర్వాత వచ్చిన 1999 మహారాష్ట్ర చట్టం ఏడాదికి 4 శాతం పెంపు ఒప్పుకుంది. అప్పటిదాకా చాటుగా నడిచిన పగిడీని కూడా చట్టబద్ధం చేసింది.

2022లో నియమం మళ్ళీ మార్చారు. ప్రమాదకరమని తేలిన కట్టడానికి మొదట యజమానికి ఆరు నెలల గడువు. ఆయన ముందుకు రాకపోతే బాడుగదారుల సంఘానికి ఆరు నెలలు. వాళ్ళూ రాకపోతే మ్హాడా తీసుకుంటుంది. యజమానికి వంద నెలల బాడుగ కాదు, స్థలం సర్కారు విలువలో 25 శాతం గానీ అమ్మకానికి కట్టే భాగంలో 15 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది. 1986 నాటి మాటకూ దీనికీ ఉన్న తేడా చూడండి. యజమానిని దాటిపోవాలని చూసిన సర్కారు మొదట ఆయన తలుపే తట్టడం నేర్చుకుంది.

కామాఠీపురాలో ఇప్పుడు జరుగుతున్నది ఇదే. పేట మొత్తాన్ని కలిపి తిరిగి కట్టే పని మ్హాడా చేతికి ఇచ్చారు. అక్కడ బాడుగదారులు సుమారు 8,000, స్థల యజమానులు సుమారు 800. ముందుకు కదలడానికి పెద్ద అడ్డంకి ఈ 800 మందికి ఏమి దక్కుతుందన్నదే. చివరికి 50 చదరపు మీటర్ల దాకా స్థలం ఉన్నవాళ్ళకు 500 చదరపు అడుగుల ఒక ఫ్లాటు, స్థలం పెరిగేకొద్దీ ఫ్లాట్లు పెరిగేలా ఖరారు చేశారు. యజమానికి వాటా కనిపించినాకే మాట ముందుకు సాగింది.

దీనికి పక్కన బీడీడీ చాల్‌లను పెట్టి చూడాలి. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించిన 207 చాల్‌లు: వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషి మార్గ్‌లో 32, శివ్‌డీలో 12. ఒక్కో గది 160 చదరపు అడుగులు. అక్కడ మన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. అక్కడ యజమాని సర్కారే. ప్రైవేటు యజమానితో కోర్టు గొడవ లేదు. అయినా బాడుగదారులు వెంటనే ఒప్పుకోలేదు, రాతపూర్వక హామీలు అడిగారు, ఏళ్ళు పట్టింది. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ళ తాళాలు ఇచ్చారు. అంటే యజమాని అడ్డు లేకపోయినా, ఇల్లు తిరిగి చేతికొస్తుందన్న నమ్మకం కుదరనిదే ఎవరూ కదలరు.

బయటి దేశాల సంగతి

ఇది మనవాళ్ళ జబ్బు మాత్రమే అనుకోకండి. బ్రిటన్‌లో 1915లో, గ్లాస్గో ఆడవాళ్ళు ముందు నిలబడి నడిపిన బాడుగ సమ్మె తర్వాత, బాడుగ నియంత్రణ వచ్చింది. అక్కడా ఇళ్ళు పాతబడ్డాయి. 1969లో వాళ్ళు ఇంకో దారి పట్టారు: యజమాని ఇల్లు బాగుచేస్తే సర్కారు గ్రాంటు ఇస్తుంది, బాడుగ పెంచుకోవడానికీ ఒప్పుకుంటుంది. యజమానులు ముందుకొచ్చారు. కానీ లండన్‌లో కొందరు గ్రాంటు తీసుకుని, బాడుగదారులను పంపించేసి, బాగుపడిన ఇంటిని ఎక్కువ ధరకు అమ్ముకున్నారు. 1974లో షరతులు బిగించాల్సి వచ్చింది.

జర్మనీలో లెక్క ఇంకోలా ఉంది. ఇంటిని ఆధునికం చేసిన యజమాని ఆ ఖర్చులో ఏడాదికి 8 శాతం బాడుగకు కలుపుకోవచ్చు. 2019కి ముందు 11 శాతం ఉండేది. మళ్ళీ దానికీ హద్దు ఉంది: ఆరేళ్ళలో చదరపు మీటరుకు 3 యూరోలు దాటకూడదు. అక్కడ యజమానులు రిపేరుకు వెనకాడరు, బాడుగదారులే భయపడతారు. మన 1960 చట్టానికి ఇది సరిగ్గా తలకిందులు. శాతం కొంచెం అటు ఇటు అయితే భయం ఒకరి నుంచి ఇంకొకరికి మారుతుంది. అంతే.

ఇప్పుడు మన ఊళ్ళో

తమిళనాడు 1960 చట్టాన్ని పక్కన పెట్టి 2017లో కొత్త చట్టం చేసింది. 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. న్యాయమైన బాడుగ లెక్కలు పోయాయి, ఇద్దరూ ఒప్పుకున్నదే బాడుగ. అడ్వాన్సు మూడు నెలల బాడుగ దాటకూడదు. ఒప్పందం రాతలో ఉండాలి, బాడుగ అధికారి దగ్గర నమోదు చేయాలి. రిపేరుల పంపకం కూడా జాబితాగా రాశారు. కట్టడానికి సంబంధించిన రిపేరు, సున్నం, తలుపులకు రంగు, పైపులు, కరెంటు వైరింగ్ యజమానివి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కాలువ శుభ్రం బాడుగదారువి. తర్వాత 2021లో కేంద్రం ఇచ్చిన నమూనా చట్టంలో, యజమాని రిపేరు చేయకపోతే బాడుగదారు తగ్గించుకోగల మొత్తం ఒక నెలలో ఆ నెల బాడుగలో సగం దాకా అన్నారు. పాత పన్నెండో వంతుతో పోల్చి చూడండి.

కాగితం మీద ఇది పాత చట్టం కంటే మేలు. అయినా మన పక్క చాలామంది నమోదు చేయించరు. ఎందుకని మన బంధువుల్లోనే అడిగి చూశాం. వచ్చిన జవాబులు నాలుగు. ఒకటి, రాస్తే ఇంటి పన్ను పెంచుతారు. రెండు, పాత చట్టం నాటి భయం: కాగితం ఇస్తే వాళ్ళు ఇక లేవరు. మూడు, ఇల్లు ఇంకా తాత పేరుమీదే ఉంది, పంపకం కాలేదు, యజమాని అని ఎవరు సంతకం పెట్టాలి? నాలుగు, మనది ఒత్తి, బాడుగే కాదు కదా.

మొదటి రెండింటికీ జవాబు ఉంది. కొత్త చట్టంలో రాత ఒప్పందం లేకపోవడమే ఇల్లు తిరిగి అడగడానికి ఒక కారణం. అంటే కాగితం లేకుండా ఉండడం ఇప్పుడు ఎవరికీ మేలు చేయదు. మూడోదానికి చట్టం జవాబు ఇవ్వలేదు, మనమే ఇవ్వాలి. ఎన్నో పాత లైన్ ఇళ్ళు పాడవుతున్నది డబ్బు లేక కాదు, ఆరుగురు వారసుల్లో ఒకరు సంతకం పెట్టక.

నాలుగోది, ఒత్తి. ఇది అందరూ మర్చిపోయే సంగతి. బాడుగలోంచి రిపేరు ఖర్చు తగ్గించుకోమని పాత చట్టమూ చెప్పింది, కొత్తదీ చెబుతుంది. ఒత్తి ఇంట్లో నెల బాడుగే లేదు. దేంట్లోంచి తగ్గించుకోవాలి? పైగా ఒత్తి డబ్బు యజమాని ఎప్పుడో పెళ్ళికో, పొలానికో, బిడ్డ చదువుకో ఖర్చు పెట్టేసి ఉంటాడు. రిపేరుకు ఖాళీ చేయించాలంటే ఆ మొత్తం తిరిగి ఇవ్వాలి. అది చేతిలో ఉండదు. కాబట్టి ఇల్లు అట్లాగే ఉంటుంది. మన ఊళ్ళో కొన్ని పెంకుటిళ్ళు చట్టాల వల్ల కాదు, ఒత్తి లెక్క వల్ల రిపేరు చూడలేదు. ఢిల్లీ నుంచో చెన్నై నుంచో వచ్చే ఏ పథకమూ ఈ ముడి విప్పదు, ఎందుకంటే అక్కడివాళ్ళ లెక్కలో ఒత్తి అనే మాటే లేదు.

మనం నేర్చుకోవాల్సినది

ఈ 80 ఏళ్ళ చరిత్రలో యజమానులు రిపేరుకు అడ్డంపడిన చోటల్లా మూడు ప్రశ్నలకు జవాబు లేదు. ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది? ఇల్లు మళ్ళీ నా చేతికి వస్తుందా? మధ్యలో సర్కారు మాట మార్చదు కదా? జవాబు ఉన్న చోట యజమానులు ముందుకే వచ్చారు. కాబట్టి యజమాని పిసినారి, సర్కారు చేతకానిది అని తేల్చేయడం సులువే కానీ నిజం కాదు. అయితే ఇంకో నిజం కూడా ఉంది. ఈ లెక్కలు తేలేలోపు పెంకు కింద పడుకున్నది యజమాని కాదు. బొంబాయిలో ముప్పై రెండేళ్ళ కేసు నడిచినన్నాళ్ళూ వానాకాలం ఏటా వచ్చింది.

మన లైన్ ఇళ్ళ సంగతికి వస్తే, మేము చెప్పదలచుకున్నది ఇంతే. ముందు పంపకం కాగితం తేలాలి. తర్వాత ఎనిమిది ఇళ్ళకూ రాత ఒప్పందం, నమోదు. ఒత్తి ఉన్న రెండు ఇళ్ళకు కొంచెం కొంచెంగా డబ్బు తిరిగి ఇచ్చి నెల బాడుగకు మార్చుకోవాలి. రిపేరు ఒకేసారి వద్దు, రెండేసి ఇళ్ళు చొప్పున చేద్దాం, ఒక ఇంటివాళ్ళను పక్క ఖాళీ ఇంట్లోకి మార్చి, పని అయ్యాక మళ్ళీ అదే ఇంటికి, ఎంత బాడుగకో ముందే రాసిచ్చి. పడగొట్టి అంతస్తులు కడదామనే చిన్నాయన మాటను తీసేయడం లేదు. కానీ ఆ గదుల్లో రెండో తరం ఉంటున్నవాళ్ళున్నారు. పని దొరికే చోటు వెతుక్కుంటూ తరతరాలు నడిచిన వంశం మనది. ఇంకొకరిని లేవమనే ముందు వాళ్ళు ఎక్కడికి పోతారని అడిగి తెలుసుకోవడం మన బాధ్యత.

మీ ఇళ్ళల్లో పాత బాడుగ రసీదులు, ఒత్తి పత్రాలు, పంచాయతీ పన్ను చీటీలు ఉంటే పారేయకండి. ఫోటో తీసి పంపండి, మదరాసు స్టాంపు కాగితం మీద తెలుగులో రాసుకున్నవైతే మరీ ముఖ్యం. పొలం పట్టాలు అందరూ దాచుకున్నారు, బాడుగ చీటీలు ఎవరూ దాచలేదు. మన చరిత్రలో సగం ఆ చీటీల్లోనే ఉంది.